మీటు సాధన – ఏకాగ్రత, వైవిధ్యం: వేమన పద్యం వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: తంత్రీవాద్యాన్ని అభ్యసించేవారు ఒకే కదలికను పదేపదే సాధన చేయాలా, పలు రకాల కదలికలను కలిపి సాధన చేయాలా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సాధనపై ప్రసిద్ధమైన వేమన పద్యం, కర్ణాటక సంగీత అభ్యాసక్రమం, తెలుగునేల తంత్రీవాద్యకారుల ఉదాహరణలు ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: మీటు, సాధన, ఆవృత్తి, అలంకారాలు, వీణ, కిన్నెర, గిటారు, వేమన.

1. ఉపోద్ఘాతం

చౌటుప్పల్ వంటి రహదారి పట్టణాలలో గిటారు పట్టిన విద్యార్థికి గురువు ఎదురుగా ఉండడం అరుదు. ఎక్కువమంది ఫోనులో చూసి నేర్చుకుంటున్నారు. వీరిలో రెండు ధోరణులు కనిపిస్తాయి. ఒకరు పిక్‌తో కిందికీ పైకీ మీటే ఒకే వరుసను నెలల తరబడి వాయిస్తారు. మరొకరు వారానికొక పాట మారుస్తారు. మొదటివారికి వేగం వస్తుంది గాని, వరుస మారగానే చేయి తడబడుతుంది. రెండవవారికి చాలా పాటల మొదళ్ళు వస్తాయి గాని, ఏ ఒక్క మీటూ తేటగా పలకదు. ఇద్దరికీ పెద్దలు చెప్పే హితవు మాత్రం ఒకటే, వేమన పేర ప్రచారంలో ఉన్న సాధన పద్యం. ఆ పద్యం నిజంగా ఏ సాధనను చెబుతున్నదో చూడవలసి ఉంది.

2. పద్యంలోని రెండు ఆవృత్తులు

ఈ పద్యం రాగాన్ని, వేపాకును, లోకంలోని పనులను వరుసగా చెబుతుంది. తరగతి గదిలో మనం సాధారణంగా వేపాకునే పట్టుకుంటాం. మళ్ళీ మళ్ళీ చేస్తే చేదు పోతుందని వివరించి ముగిస్తాం. దీనితో పద్యం కంఠస్థానికి సమర్థనగా మిగిలిపోతుంది.

అయితే రాగానికీ వేపాకుకూ పోలికతోపాటు భేదం కూడా ఉంది. వేపాకు నమిలేటప్పుడు ఆకు మారదు, నాలుక మారుతుంది. ఇది ఏకరూప ఆవృత్తి. రాగం పాడేటప్పుడు గాయకుడు ఒకే పదబంధాన్ని తిప్పి తిప్పి పాడడు. అవే స్వరాల హద్దులో కొత్త సంచారాలను వెతుకుతాడు. హద్దు నిలిచి ఉంటుంది, నడక మారుతుంది. ఇది విస్తార ఆవృత్తి. పద్యం మొదట రాగాన్నే చెప్పి, అది పెంపొందుతుందని అనడం గమనార్హం. వేపాకు విషయంలో తగ్గేది చేదు, రాగం విషయంలో పెరిగేది రాగమే. ఈ రెండింటినీ పక్కపక్కన నిలపడంలోనే పద్యం బలం ఉంది.

3. అభ్యాసక్రమంలో వైవిధ్యం

పురందరదాసు ఏర్పరచినట్లుగా సంప్రదాయం చెప్పే ప్రారంభ పాఠాలు ఈ రెండు ఆవృత్తులనూ కలుపుతాయి. సరళి, జంట వరుసలు, అలంకారాలు అన్నీ మాయామాళవగౌళ రాగంలోనే సాగుతాయి. మూడు కాలాలలో వాటిని అభ్యసించాలి. రాగం ఒకటే కనుక చెవికీ ఎడమచేతికీ స్థిరత్వం ఉంటుంది. మారేవి వరుస, వేగం, తాళం.

వీణపై కుడిచేతి చూపుడువేలిని, నడిమివేలిని మార్చి మార్చి మీటుతూ అలంకారాలు వాయిస్తే ఈ మార్పు ఎంత లోతైనదో తెలుస్తుంది. చతురశ్రజాతి ఏకతాళంలో ఆవర్తానికి నాలుగు మీట్లు. ప్రతి ఆవర్తం చూపుడువేలితోనే మొదలవుతుంది. తిస్రజాతి త్రిపుటలో ఏడు మీట్లు. కనుక రెండవ ఆవర్తం నడిమివేలితో మొదలవుతుంది. మిశ్రజాతి ఝంపలో పది అక్షరకాలాలున్నా, చివరి స్వరం రెండు కాలాలు నిలుస్తుంది కనుక మీట్లు తొమ్మిదే. అక్కడ కూడా వేళ్ళ పాత్రలు తారుమారవుతాయి. బలహీనమైన వేలు కూడా తాళపు మొదటి దెబ్బను మోయక తప్పదు.

గిటారు పిక్‌కూ ఇదే లెక్క వర్తిస్తుంది. ఒక్కొక్క తంత్రిపై నాలుగేసి స్వరాలు వాయిస్తే ప్రతి తంత్రీ కిందికి మీటుతోనే మొదలవుతుంది. మూడేసి వాయిస్తే ఒక తంత్రి కిందికి మీటుతో, తరువాతిది పైకి మీటుతో మొదలవుతాయి. నాలుగు స్వరాల వరుసనే ఏళ్ళ తరబడి వాయించిన చేతికి ఈ రెండవ దాటు పరిచయమే ఉండదు. దీనికి కొత్త పాట అవసరం లేదు. ఉన్న వరుసలో సంఖ్య మారిస్తే చాలు.

4. సాహిత్యాన్ని అనుసరించే మీటు

వైవిధ్యానికి మరొక మూలం సాహిత్యం. వీణపై ఒక్క మీటుతో తంత్రిని లాగి పలు స్వరాలను పలికించవచ్చు. కృతిని గానశైలిలో వాయించేవారు సాధారణంగా సాహిత్యాక్షరం పడిన చోట మీటి, అక్షరం సాగిన చోట గమకంతో నడిపిస్తారు. ఎక్కడ మీటకూడదో తెలియడం కూడా మీటు విద్యలో భాగమే. త్యాగరాజు ఒకే రాగంలో రచించిన రెండు కృతులను సాధన చేసిన చేతికి, రాగం మారకుండానే, తెలుగు మాటల విరుపును బట్టి రెండు వేర్వేరు మీటు నడకలు అలవడతాయి.

పాలకొల్లులో 1969లో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ ఉదాహరణ ఇక్కడ ముఖ్యం. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు మాండలిన్ వాదకుడు కాదు. గురువు పాడగా శిష్యుడు వాద్యంపై పలికించేవాడు. పిక్ కదలికకు నమూనా మరొక చేయి కాదు, గొంతు. పాలమూరు ప్రాంతపు పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు, 2022లో పద్మశ్రీ పొందిన దర్శనం మొగులయ్య విషయంలో పాడే గొంతు, మీటే చేయి ఒకరివే. పండుగ సాయన్న వంటి వీరుల కథాగానంలో పన్నెండు మెట్ల పరిమితి మారదు, కథ మాత్రం సాగుతూనే ఉంటుంది. విస్తార ఆవృత్తికి ఇది మన సమీపంలోని సాక్ష్యం.

5. ఒక పరిమితి

అంతమాత్రాన ఏకరూప ఆవృత్తి వ్యర్థమనడం సరికాదు. చేతి కదలికల అభ్యాసంపై షే, మోర్గాన్ 1979లో ప్రచురించిన ప్రయోగంలో ఒక్కొక్క కదలికను విడిగా పూర్తిచేసినవారు అభ్యాస సమయంలో మెరుగ్గా కనిపించారు. కదలికలను కలగలిపి అభ్యసించినవారు పది రోజుల తరువాత జరిపిన పరీక్షలో ముందున్నారు. సాధనవేళ కనిపించే సాఫీతనం నేర్పుకు కొలత కాదని దీనివల్ల తెలుస్తుంది. అయితే అది సంగీతంపై చేసిన ప్రయోగం కాదు. పిక్‌ను ఎలా పట్టాలో కూడా తెలియని చేతికి మొదట ఒకే తంత్రి, ఒకే మీటు, నిదానమైన కాలం అవసరం. మీటు తేటపడిన తరువాత కూడా అక్కడే ఆగిపోవడమే దోషం. మన క్రమంలో సరళి ముందు, అలంకారాలు తరువాత ఉండడం ఈ వివేకానికి నిదర్శనం.

6. ముగింపు

ఏకాగ్రత, వైవిధ్యం పరస్పర విరుద్ధాలు కావు. ఒక అంశాన్ని నిలిపి మరొకదాన్ని మార్చడమే సాధన పద్ధతి. రాగం నిలిపి తాళం మార్చవచ్చు, తాళం నిలిపి కాలం మార్చవచ్చు, రెండూ నిలిపి సాహిత్యం మార్చవచ్చు. అన్నీ ఒకేసారి మార్చే విద్యార్థికి తన లోపం ఎక్కడుందో తెలియదు. ఏదీ మార్చని విద్యార్థికి లోపం ఉన్నట్లే తెలియదు. వేమన పద్యాన్ని వేపాకు దగ్గరే ఆపి బోధించినంత కాలం రెండవ విద్యార్థినే మనం మెచ్చుకుంటూ ఉంటాం. పద్యం రాగంతో మొదలవుతుంది. బోధన కూడా అక్కడినుంచే మొదలుకావడం సమంజసం.