మర్యాద తెలిసిన ఆట

మారియో తెరకి ఎడమ చివర నిలబడి ఉంటాడు, ముఖం కుడివైపు పెట్టుకుని. వెనక ఒక ఆకుపచ్చ కొండ, ముందు ఖాళీ నేల. ఎటు పోవాలో చెప్పే బాణం గుర్తు లేదు. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో రాసిన పలక లేదు. ఎడమకి నడిస్తే తెర అంచు అడ్డుపడుతుంది, కాబట్టి కుడికే పోవాలి. మనం కదలనంతసేపు శత్రువెవడూ రాడు. పైన మూల గడియారం మాత్రం 400 నుంచి దిగుతూ ఉంటుంది. నాలుగడుగులు వేశాక గాల్లో వేలాడే పెట్టె ఒకటి, దాని మీద మిణుకుమిణుకుమనే ప్రశ్న గుర్తు. ఆ వెనకే కనుబొమలు ముడుచుకుని ఎదురొచ్చే గూంబా. పక్కకి తప్పుకునే దారి లేదు. గుద్దుకుంటే ప్రాణం పోతుంది. పోతే పోయింది, ఆట మొదలై పది సెకన్లయినా కాలేదు, మళ్లీ మొదటికి రావడానికి ఎవరికీ బాధ ఉండదు. రెండోసారి ఎగురుతాం. ఎగిరితే పడేది వాడి నెత్తి మీదే.

1985 సెప్టెంబరు 13న జపాన్‌లో నింటెండో విడుదల చేసిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ మొదటి స్టేజి ఇది. షిగెరు మియమోతో, తకాషి తెజుకా దీన్ని గళ్ల కాగితం మీద గీసి, ప్రోగ్రామ్ రాసేవాళ్ల చేతికిచ్చారు. ఏ కన్సోల్ గొప్పది, ఏ సీరీస్‌లో ఎన్నో భాగం మేలు అని వీడియో గేమ్ అభిమానులు పట్టుదలగా వాదించుకునేటప్పుడు ఈ ఆట పేరు తప్పకుండా వస్తుంది. ఎక్కువసార్లు ‘ఏదో పెద్దది కదా, దండం పెట్టేద్దాం’ అన్న ధోరణిలో వస్తుంది. ఆ దండం నాకు నచ్చదు. ఆ కాలం ఆటల్లో చాలావాటిని ఇవాళ పావుగంట ఆడలేం. దీన్ని మాత్రం ఆడుతూనే ఉన్నాం. ఇందులో దెబ్బ తగిలే ప్రతి చోటికీ ముందు, దెబ్బ తగలకుండా అదే పని చేసి చూసుకునే చోటు ఒకటి ఉంటుంది. నాకు తెలిసినంతలో ఆటల పనితనానికి ఇంతకు మించిన కొలబద్ద లేదు.

పుట్టగొడుగు సంగతే చూడండి. గూంబాని దాటాక తలపైన ఇటుకల వరస, మధ్యలో ప్రశ్న పెట్టెలు. ఒకదాన్ని తలతో కొడితే పుట్టగొడుగు బయటికొస్తుంది. ఆడేవాడికి ఇక్కడ అనుమానం రావాలి: ఇంతకుముందే తల పెద్దదిగా ఉన్న ఒక శాల్తీ మనల్ని చంపింది, ఇదీ అదే ఆకారం, పారిపోవాలా? పుట్టగొడుగు ముందు కుడికి జారుతుంది. హమ్మయ్య, దూరంగా పోతోంది అనుకుంటాం. ఇటుకల చివర కిందపడి, కాస్త ముందున్న పచ్చ పైపుకి తగిలి, వెనక్కి తిరిగి సరిగ్గా మన మీదికి వస్తుంది. దాటేద్దామని ఎగిరితే తల ఇటుకలకి తగిలి, మళ్లీ దాని మీదే పడతాం. పడగానే మారియో పెద్దవాడవుతాడు. పైపు అక్కడ ఉన్నది అలంకారానికి కాదు, ఇటుకల ఎత్తు యాదృచ్ఛికం కాదు. మనం ఎంత భయస్తులమైనా సరే మేలు జరిగి తీరేలా కొలిచి పెట్టారు. ఈ లెక్కని చాలా ఏళ్ల తర్వాత మియమోతో, తెజుకాలే ఒక ఇంటర్వ్యూలో తెర మీద చూపిస్తూ వివరించారు. వాళ్లు చెప్పకముందే అభిమానులు దాన్ని గ్రహించారు, అదింకా ముచ్చట.

ఆ తర్వాత వచ్చే పైపులు ఒకదాన్ని మించి ఒకటి. మొదటిది పొట్టి, రెండోది కాస్త పొడుగు, మూడోది ఇంకా పొడుగు. బటన్ ఎంతసేపు నొక్కి పట్టుకుంటే అంత ఎత్తు ఎగురుతామని ఇక్కడ మన బొటనవేలికి తెలుస్తుంది, బుర్రకి చెప్పాల్సిన పనిలేదు. రెండో, మూడో పైపుల నడుమ ఒక గూంబా. మూడో, నాలుగో పైపుల నడుమ ఇద్దరు. స్టేజి చివరికి వచ్చేసరికి ఎదురెదురుగా రెండు మెట్ల దొంతరలు, వాటి మధ్య నేల ఉంటుంది. ఎగరడం తప్పితే మళ్లీ ఎక్కి ఎగరొచ్చు. రెండడుగులు వేస్తే అవే మెట్లు, ఈసారి నడుమ గొయ్యి. చిత్రమేమంటే, అన్నిటికన్నా ముందు ఆడే ఈ స్టేజిని వాళ్లు తయారుచేసింది చివరి దశలో. మిగతా ఆట ఎలా ఉంటుందో తేలాకే దానికి తగిన వాకిలి కట్టారు.

ఎగరడం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ ఆటంతా దాని మీదే నిలబడింది. మారియో ఎగురుడు రాయి విసిరినట్టు ఉండదు. పైకి పోతున్నంతసేపు బటన్ పట్టుకుని ఉంటే భూమ్యాకర్షణ తక్కువగా పనిచేస్తుంది, వదలగానే ఎక్కువవుతుంది. పరుగెత్తుతూ ఎగిరితే ఇంకా ఎత్తుకి పోతాడు. గాల్లో ఉండగా కూడా కాస్త వెనక్కో ముందుకో మళ్లించొచ్చు. భౌతికశాస్త్రం మేష్టారు చూస్తే ఎర్రసిరాతో కొట్టిపారేసే సూత్రాలివి. అయినా చేతికి అదే నిజమనిపిస్తుంది. పరుగు ఆపబోతే వెంటనే ఆగడు, కొంత జారతాడు. ఆ జారుడులోనే అతనికి బరువుందని నమ్ముతాం. అంతకు నాలుగేళ్ల ముందు, 1981లో ‘డాంకీ కాంగ్’లో కూడా ఈ మీసాలాయన ఎగిరాడు, కానీ ఒక్కసారి నేల వదిలాక అతని మీద మనకి అధికారం ఉండేది కాదు. ఆ అధికారాన్ని మన చేతికివ్వడంతోనే ఆట స్వరూపం మారిపోయింది.

ఇదంతా ఎంత ఇరుకులో చేశారో తెలిస్తే ఆశ్చర్యం రెట్టింపవుతుంది. 1983 జూలైలో వచ్చిన నింటెండో ఫ్యామికామ్ కన్సోల్‌కి పని చేసుకునే మెమరీ 2 కిలోబైట్లు. మారియో క్యాసెట్‌లో ప్రోగ్రామ్‌కి 32 కిలోబైట్లు, బొమ్మలకి 8 కిలోబైట్లు, మొత్తం 40. మన ఫోన్‌తో తీసే ఒక్క ఫొటో దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ 40లోనే 32 స్టేజిలు, పాటలు, శత్రువులు, కోటలు, రాకుమారి. బొమ్మలన్నీ 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉన్న గళ్ల ముక్కలు. అలాంటివి 512కి మించి పట్టవు. అందుకే ఆకాశంలో మేఘం, నేల మీద పొద ఒకటే బొమ్మ. మచిలీపట్నం కలంకారీలో ఒకే అచ్చుని రెండు రంగుల్లో అద్దినట్టు, పైన తెలుపు, కింద ఆకుపచ్చ. ఏళ్ల తరబడి ఆడినవాళ్లు కూడా ఎవరో చెప్పేదాకా దీన్ని గమనించరు. కొండ, పొద, మేఘం వరస మూడు తెరలకొకసారి తిరిగి వస్తుంది. అదీ కంటపడదు, కన్ను గూంబాల మీద ఉంటుంది కాబట్టి. స్టేజిలో పైపో ఇటుకల వరసో ఎక్కడుండాలో చెప్పడానికి ఒక్కోదానికి రెండేసి బైట్లు చాలు.

గూంబా పుట్టుకే ఈ ఇరుకుకి మంచి ఉదాహరణ. మొదట్లో శత్రువులంటే తాబేళ్లే. అయితే తాబేలుని తొక్కితే చిప్పలోకి పోతుంది, ఆ చిప్పని తన్నాలి, తన్నిన చిప్ప గోడకి తగిలి తిరిగొచ్చి మనల్నే చంపొచ్చు. ఆట తెలియనివాడికి మొదటి అడుగులోనే ఇంత పాఠం ఎక్కువ. ఒక్క తొక్కుడుకి అణిగిపోయే శత్రువు కావాలనిపించింది. అప్పటికి క్యాసెట్ దాదాపు నిండిపోయింది. గీసింది ఒకే ఒక్క బొమ్మ. దాన్ని అద్దంలోలా కుడి ఎడమలు తారుమారు చేస్తూ చూపిస్తే నడుస్తున్నట్టు ఉంటుంది. నడక కోసం రెండో బొమ్మ వేసే చోటు లేనివాడు ఈ ఆట మొత్తానికి గుర్తుగా నిలిచిపోయాడు.

ఈ ఆటకి కోజి కొందో కట్టిన సంగీతానిదీ ఇదే కథ. స్వరానికి రెండు గొంతులు, అడుగు స్వరానికి ఒకటి, తాళానికి గరగర శబ్దం ఒకటి, అంతే. పైగా మారియో ఎగిరినప్పుడల్లా ఆ శబ్దం కోసం పాటలో ఒక గొంతు క్షణంపాటు తప్పుకుంటుంది. అయినా పాట తెగినట్టు అనిపించదు. మనం ఎగరడం కూడా పాటలో భాగమే అనిపిస్తుంది. గడియారంలో 100 మిగలగానే అదే పాట వేగం పుంజుకుంటుంది. భయపెట్టడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం నేను వినలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. నీళ్ల స్టేజిలు నాకు ఎప్పుడూ విసుగే, అక్కడ ఎగరడం కాదు, ఈదడం కాబట్టి ఆ ఎగురుడు విద్యంతా వృథా. ఏడో లోకంలో నాలుగో స్టేజి అయిన 7-4 కోటలో సరైన దారి పట్టకపోతే అదే గది మళ్లీ మళ్లీ వస్తుంది. ఏది సరైనదో సూచించే ఆనవాలు ఒక్కటీ లేదు. మొదటి స్టేజిలో అంత మర్యాద చూపించినవాళ్లు ఇక్కడ ఎందుకు మొహం చాటేశారో తెలియదు. చోటు చాలక 1-3నే కాస్త ఇరుకు చేసి, ఫిరంగి గుండ్లు కలిపి 5-3 చేశారు. దాన్ని మాత్రం నేను లోపం అనను. తెలిసిన దారే కాళ్ల కింద కుంచించుకుపోవడం కొత్త దారికన్నా ఎక్కువ కంగారు పెడుతుంది.

మన తెలుగు ఊళ్లలో చాలామందికి ఈ ఆట నింటెండో పేరుతో తెలియదు. 1990ల్లో ఫ్యామికామ్‌కి నకలుగా తయారైన ‘టీవీ గేమ్’ పెట్టెలు వచ్చాయి. వేసవి సెలవుల్లో గంటకింతని అద్దె తీసుకుని ఆడించే కొట్లూ వెలిశాయి. క్యాసెట్ మీద ‘9999 ఇన్ 1’ అని ఉండేది. తీరా చూస్తే అసలు ఆటలు కొన్నే, మిగతావి అవే ఆటలు వేరే స్టేజి నుంచి మొదలయ్యేవి. ఎలా ఆడాలో చెప్పే పుస్తకం లేదు, అట్టపెట్టె లేదు, ఇంగ్లిషు చదవడం రాని పిల్లలూ ఆడేవాళ్లలో ఉన్నారు. ఎవరూ ఏమీ నేర్పకుండానే అందరూ 1-1 దాటారు. క్యోటోలో గళ్ల కాగితం మీద వేసిన లెక్క ఎంత గట్టిదో పరీక్షించడానికి ఇంతకన్నా కఠినమైన చోటు నింటెండో వెతికినా దొరికేది కాదు.

ఇక రెండో భాగాల సంగతి. జపాన్‌లో 1986 జూన్‌లో ‘సూపర్ మారియో బ్రదర్స్ 2’ వచ్చింది. అవే బొమ్మలు, అదే ఎగురుడు, దాదాపు అదే యంత్రం. కానీ ఇందులో ఒక విషపు పుట్టగొడుగు ఉంది, తింటే శత్రువు తగిలినట్టే. ముందుకి తీసుకుపోతుందనుకున్న దారి కొన్నిచోట్ల వెనక్కి పడేస్తుంది. గాలి వీచి ఎగిరినవాణ్ని తోసేస్తుంది. మొదటి ఆట ఓపిగ్గా నేర్పిన ప్రతి నమ్మకాన్నీ పట్టుకుని దాంతోనే ఆడేవాణ్ని దెబ్బకొట్టడం దీని పద్ధతి. అమెరికా శాఖ వాళ్లు ఇది మరీ కష్టం అని పక్కనపెట్టారు. ఫుజీ టీవీ వేడుక కోసం 1987లో చేసిన ‘డోకి డోకి పానిక్’ అనే వేరే ఆటలో మారియోని, అతని తమ్ముడు లూయిజీని, రాకుమారిని, టోడ్‌ని దూర్చి, 1988లో అక్కడ దాన్నే రెండో భాగంగా అమ్మారు. అందులో శత్రువుల్ని తొక్కడం కాదు, నేలలోంచి కూరగాయలు పీకి విసరడం. అభిమానుల్లో దీన్ని ‘దొంగ మారియో’ అనేవాళ్లు ఇంకా ఉన్నారు. నా ఓటు దానికే. లూయిజీ అందరికన్నా ఎత్తు ఎగరడం, రాకుమారి గాల్లో కాసేపు తేలడం, ఇలా నలుగురూ నాలుగు రకాలుగా కదులుతారు. జపాన్ రెండో భాగం నిజమైన మారియోయే, మర్యాద లేని మారియో.

మూడో భాగం 1988 అక్టోబరులో వచ్చింది. క్యాసెట్ సైజు 384 కిలోబైట్లకి పెరిగింది, మొదటిదానికి దాదాపు పదింతలు. ఆట మొదలయ్యేది తెర లేవడంతో. గాల్లో పలకలు వెనక గోడకి మరలతో బిగించినట్టుంటాయి, వాటి నీడలు ఆకాశం మీద పడతాయి. ఇదంతా ఒక నాటకం అని అభిమానులు చాలాకాలం అనుమానించారు. మియమోతో 2015లో ఔనన్నాడు. ఆకు దొరికితే తోక మొలుస్తుంది, పరుగు పూర్తి వేగం అందుకుంటే ఎగిరిపోవచ్చు. ఆ వేగం ఎంతైందో చూపించే గుర్తు కింద వెలుగుతుంటుంది, అంటే అంతకుముందు వేలికి మాత్రమే తెలిసినదాన్ని ఇప్పుడు కంటికీ చూపించారు. ఆటగా చూస్తే ఇదే గొప్పది, సందేహం లేదు. పనిగా చూస్తే మాత్రం మొదటిదానికే నా పీట. పది రెట్లు చోటిచ్చి పది రెట్లు అందం రాబట్టడం సామర్థ్యం. మేఘాన్ని పొదగా నమ్మించడం వేరే తరగతి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటిది, మూడోది, అమెరికా రెండోది, ఈ వరసలో ఆడితే బాగుంటుంది. జపాన్ రెండోదాని జోలికి మాత్రం, 1-2 పైకప్పు మీది అడ్డదారి వాడకుండా మొదటి ఆటలోని 32 స్టేజిలూ దాటాకే వెళ్లండి. అది ఎవర్ని ఎక్కడ ఎగతాళి చేస్తోందో అప్పుడే అర్థమవుతుంది, లేకపోతే ఒట్టి పొగరులా కనిపిస్తుంది.