నీడ చేసే పని

పాశ్చాత్య చిత్రకళలో నీడ ఎందుకని అడిగితే, విద్యార్థులు చాలామంది 'లోతును భ్రమింపజేయడానికి' అని రాసి ఊరుకుంటారు. అది తప్పు కాదు గానీ, చాలదు.

ఫ్లోరెన్స్‌లోని బ్రాంకాచి ప్రార్థనామందిరంలో మసాచియో 1420లలో వేసిన కుడ్యచిత్రం చూడండి. పీటరు నీడ సోకితే చాలునని రోగులను వీధుల్లో పడుకోబెట్టేవారని బైబిలు చెబుతుంది. ఈ చిత్రంలో పీటరు రోగుల వైపు చూడడు, చేయి చాపడు. తన దారిన నడిచిపోతుంటాడు. ఆయన దాటి వచ్చినవారు నిలబడి ఉన్నారు. ఒక ముసలాయన లేవబోతున్నాడు. ముందున్న, కాళ్లు చచ్చుబడినవాడు ఇంకా నేలమీదే ఉన్నాడు. అంటే ఇక్కడ నీడ కథను నడుపుతోంది. చిత్రంలోని వెలుగు కూడా మందిరపు నిజమైన కిటికీ వైపు నుంచే వస్తున్నట్టు వేశాడు. అందువల్ల ఈ మహిమ మనం నిలబడిన గదిలోనే జరుగుతున్నట్టుంటుంది.

తరువాతివారు ఈ దారిని అంతగా పట్టించుకోలేదు. వెలుగునీడలను అంత శ్రద్ధగా పరిశీలించిన లియొనార్డో కూడా, అంచులు కోసినట్టుండే నీడలు వద్దనే చెప్పాడు.

ఆ కరకు నీడను కారవాజ్జో మళ్లీ తెచ్చాడు. 1601 నాటి 'ఎమ్మావు విందు'లో క్రీస్తు తల వెనుక గోడమీద సత్రం యజమాని నీడ పడుతుంది. దాన్ని నల్లని కాంతివలయమని కొందరు వ్యాఖ్యానిస్తారు. నేను అంత దూరం వెళ్లను. ఎదుట ఉన్నదెవరో పోల్చుకోలేనివాడి నీడ అది; నాకు ఆ మాట చాలు.