శారదకి పేరు దొరికింది, ఆ పనావిడకి?

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' తెలియని తెలుగు కథాపాఠకులు తక్కువ. ఇల్లు అలికి, ముగ్గులు పెట్టి, తుడిచి తుడిచి ఒక గృహిణి తన పేరే మర్చిపోతుంది. కనపడిన వాళ్లందర్నీ అడుగుతుంది. చివరికి పాత స్నేహితురాలు ప్రమీల నోట 'శారద' అన్న పేరు మళ్లీ వింటుంది. స్త్రీవాద కథల జాబితా ఎవరు వేసినా ఇది ఉంటుంది, ఉండాలి కూడా. నేను రాయాలనుకున్నది మాత్రం శారద గురించి కాదు. ఆ కథలో నాలుగు మాటలు మాట్లాడి వెళ్లిపోయే పనిమనిషి గురించి.

గృహిణి ఈమెను కూడా అడుగుతుంది, నా పేరేంటో తెలుసా అని. అమ్మగార్ల పేర్లతో మాకేం పని, ఫలానా మేడలో ఫలానా వాటా అమ్మగారంటే మీరే కదా అన్న అర్థంలో జవాబు చెప్తుంది ఆవిడ. పాపం, ఈమెకెలా తెలుస్తుందిలే అని గృహిణి సరిపెట్టుకుంటుంది.

ఆ 'పాపం' నాకు మింగుడు పడదు. ఎందుకంటే ఆ కథలో అందరికన్నా కచ్చితమైన జవాబు పనావిడదే. పిల్లలకు ఆమె అమ్మ. ఇరుగుపొరుగుకి ఫలానా ఆయన భార్య. పనావిడ మాత్రం చుట్టరికంతో కాకుండా అడ్రసుతో చెప్తుంది. రోజూ నాలుగైదు గుమ్మాలు ఎక్కి దిగే మనిషికి అడ్రసు పనిముట్టు లాంటిది. ఏ ఇంట్లో అంట్లు ఎన్నింటికి బయట పడేస్తారు, ఎవరు ఆలస్యంగా లేస్తారు, ఏ ఇంట్లో పెరటి గుమ్మం లోంచే రావాలి, ఇవన్నీ ఆవిడ తలలో ఉండాలి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో అయితే పాయింటర్ అంటాం: విలువతో పనిలేదు, అది ఎక్కడుందో తెలిస్తే చాలు.

ఇంకో సంగతి. పేరు తెలియకపోవడం ఆ పనిలో ఒక మర్యాద కూడా. ఒకరింట్లో మానేసి ఇంకొకరింట్లో చేరేటప్పుడు పనివాళ్లకి మనం నోటితో ఇచ్చే సర్టిఫికెట్లు గుర్తు తెచ్చుకోండి. "నెమ్మదస్తురాలండీ, వచ్చిందీ పోయిందీ తెలీదు." "ఒక మాటన్నా ఎదురు చెప్పదు." "ఈ ఇంటి సంగతి ఆ ఇంట్లో చెప్పదు." పని ఎలా చేస్తుందన్నది వీటి తర్వాతే. అంటే జీతంలో కొంత భాగం ఆ నిశ్శబ్దానికే. కాబట్టి "నాకు తెలీదమ్మా" అన్నది నిజంగా తెలియకపోవడమా, తెలిసినా అనకూడదనుకోవడమా? ఇంటి గుట్టంతా చూసే మనిషి ఆ జవాబు ఎందుకిచ్చిందో మనం ఖాయంగా చెప్పలేం. గృహిణి మాత్రం అది అజ్ఞానమే అనుకుంది.

అక్కడ రావాల్సిన తరువాతి ప్రశ్న ఒకటుంది: "మరి నీ పేరేంటే?" అది రాదు. తన పేరు పోయిందని అల్లాడుతున్న మనిషికి ఎదురుగా ఉన్నావిడ పేరు అడగాలని తోచదు. ఇది సత్యవతి గారు కావాలని చేసిందేనని నా అభిప్రాయం. అప్పటికి గృహిణి కళ్లు ఇంకా తెరుచుకోలేదు. రచయిత్రి ఆ జాలిని మనకు చూపిస్తున్నారు, సమర్థించడం లేదు. నాకు పేచీ ఉన్నది తర్వాతి భాగంతో. పేరు దొరికాక శారద ఇంటికొచ్చి భర్తని ఆ పేరుతోనే పిలవమంటుంది. పనావిడ దగ్గరికి కథ మళ్లీ వెళ్లదు.

ఎదురింటి గోడ మీద ఒక బోర్డు ఉంటుంది గుర్తుందా? సుహాసిని అనే ప్రిన్సిపాల్ గారి పేరు, పక్కన డిగ్రీలు. గృహిణికి తన పేరు పోయిన సంగతి గుచ్చుకునేది ఆ బోర్డు చూసినప్పుడే. సరే, ఆ సుహాసిని గారు కాలేజీకి వెళ్లాక వాళ్లిల్లు ఎవరు తుడుస్తారు? రేపు శారద బొమ్మలేసుకుంటూ కూర్చుంటే ఇక్కడ ఎవరు తుడుస్తారు? తడిగుడ్డ మాయమైపోదు. భర్త తీసుకోకపోతే ఇంకో ఆడమనిషి చేతికి వెళ్తుంది. ఇది కథ తప్పని నేననను, కానీ కథ ఆగిన చోటు ఇదే.

సత్యవతి గారిది గుంటూరు జిల్లా కొలకలూరు. కథ ఏ ఊళ్లోనైనా జరగొచ్చు, నేను మాత్రం గుంటూరులోనే ఊహించుకుంటాను. అక్కడి పనావిడ సగం ఏడాది ఇంకో మనిషి. పత్తి తీతలప్పుడు, ఆ తర్వాత మిరప కోతలప్పుడు ఇళ్లల్లో నాగాలు పెరుగుతాయి. "కోతలకి పోయిందండీ, చెప్పనన్నా చెప్పలేదు" అని అమ్మగార్లు విసుక్కుంటారు. మా ఇంట్లో పనిచేసినావిడ కోతల నుంచి వచ్చిన కొత్తల్లో అంట్లు తోముతుంటే సబ్బునీళ్లకి చేతులు మండి, మాటిమాటికీ కుళాయి కింద పెట్టుకునేది. చేలో ఆ మనుషుల్ని చూస్తే అసలు గుర్తుపట్టలేం. సాలు మీద సాలు పట్టి పోతూ, ఒకరినొకరు పేరు పెట్టి అరుచుకుంటూ, మేస్త్రీ మీద జోకులేస్తూ ఉంటారు. అదే మనిషి మన గుమ్మంలోకి వచ్చేసరికి గొంతు తగ్గిపోతుంది. వినయం ఆవిడ స్వభావం అనుకునే వాళ్లు ఒకసారి మిరప చేను దాకా వెళ్లి రావాలి. తనకి విడిగా పెట్టిన గ్లాసు ఎక్కడుంటుందో చెప్పకుండానే తెలిసిన మనిషి గొంతు ఎందుకు తగ్గిందో, కులం మాట ఎత్తకుండా చెప్పలేం.

పేరు విషయంలో ఇప్పుడు పరిస్థితి తమాషాగా మారింది. అపార్ట్‌మెంట్ గేటు యాప్‌లో పనావిడకి పేరుంది, ఫొటో ఉంది, లోపలికి వచ్చిన టైముంది, మనమిచ్చే చుక్కలూ ఉన్నాయి. మనకి చుక్కలివ్వడానికి ఆవిడకి స్క్రీన్ లేదు. నా వృత్తి ఇదే కాబట్టి చెప్తున్నా, ఆ స్క్రీన్ కట్టడం కష్టమేం కాదు. అడిగేవాళ్లు లేరంతే. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ల కోసం 189వ ఒప్పందం చేసినప్పుడు భారతదేశం అనుకూలంగానే ఓటేసింది, ఇప్పటికీ ఆమోదముద్ర మాత్రం వేయలేదు. రెండూ ఒకే తరహా.

కొలకలూరు తెనాలి పక్కనే. ఆ తెనాలిలో ఇంకో శారద ఉండేవాడు. అసలు పేరు ఎస్. నటరాజన్, మాతృభాష తమిళం. హోటళ్లలో సర్వర్‌గా పనిచేస్తూ తెలుగు నేర్చుకుని 'మంచీ చెడూ', 'అపస్వరాలు' రాశాడు, 1955లో చిన్న వయసులోనే పోయాడు. వడ్డించే మనిషి వినపడనట్టే ఉంటూ అన్నీ వింటాడనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి? అది హోటలు, నలుగురూ తిరిగే చోటు. నాలుగు గోడల మధ్య పనిచేసే ఆడమనిషికి ఆ పాటి అవకాశం కూడా దొరకదు. బెంగాలీ ఆవిడ బేబీ హల్దార్‌కి దొరికింది. గుర్గావ్‌లో ప్రబోధ్ కుమార్ గారింట్లో పుస్తకాల బీరువా దుమ్ము దులుపుతూ బెంగాలీ పుస్తకాల దగ్గర ఆగిపోవడం ఆయన గమనించి, చదవడం వచ్చా అని అడిగి, ఒక నోటుబుక్కూ పెన్నూ ఇచ్చాడు. ఆవిడ రాసిన జీవితకథ 'ఆలో ఆంధారి' 2002లో ముందుగా ఆయన హిందీ అనువాదంలోనే వచ్చింది. యజమాని దయ మీద ఆధారపడిన పుస్తకమని ఎవరైనా అంటే కాదనను. అయినా ఆ ఇంట్లో ఒక ప్రశ్న పుట్టింది. 'ఇల్లలకగానే' పాఠంగా చెప్పేవాళ్లు పక్కనే ఈ పుస్తకం కూడా పెడితే, క్లాసులో ఎవరో ఒకరు ఆ పనావిడ పేరు అడుగుతారు.