ఎవరి మాట, ఎవరి పేరున

ఒక కాలాన్ని అనుభవించిన మనిషి చేతనే ఆ అనుభవాన్ని చెప్పించి, ధ్వనిముద్రించి, అక్షరాల్లోకి దించి, తర్వాతి తరాలవారు పరిశీలించేందుకు భద్రపరిచే పద్ధతిని మౌఖిక చరిత్ర అంటారు. కాగితాలకు ఎక్కనివారికి ఈ పద్ధతి చరిత్రలో ఎంత చోటు ఇవ్వగలదో 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలుగువారికి చూపింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు అందులో తమ కథ తామే చెప్పుకున్నారు. అయితే అడిగితే మనిషి నోరు విప్పుతాడని, మొదటినుంచి వరుసగా చెబుతాడని, చెప్పేటప్పుడు ఎదుటివారి ముఖంలోకి చూస్తాడని ఈ పద్ధతి ముందే అనుకుంటుంది. మాట, సంభాషణ, శబ్దస్పర్శల గ్రహింపు పుట్టుకనుంచే వేరుగా ఉండే ఆటిజం విషయంలో ఈ మూడూ నిలవకపోవచ్చు గనుక, అటువంటివారి జీవితకథనాలను సేకరించవలసిన గ్రంథపాలకులకూ ఆర్కైవిస్టులకూ మామూలు శిక్షణ సరిపోదు.

ఆటిజం గురించిన దస్త్రమంతా మొదటినుంచీ ఇతరుల మాటగానే పోగుపడింది. 1943లో మనోవైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను వర్ణిస్తూ రాసిన సుప్రసిద్ధ వ్యాసంలో మొదటి బాలుడు డొనాల్డ్ ట్రిప్లెట్. అతని బాల్యం గురించి కానర్‌కు తెలిసినదాంట్లో అధికభాగం 1938లో తండ్రి రాసి పంపిన 33 పేజీల లేఖలోనిది. డొనాల్డ్ మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న పట్టణంలో బ్యాంకు ఉద్యోగిగా జీవించి, 2023లో 89 ఏళ్ల వయసులో మరణించారు. అంత దీర్ఘమైన జీవితం గడిచినా, పాఠ్యపుస్తకాల్లో మిగిలింది తండ్రి చూసిన పిల్లవాడే.

జగిత్యాల జిల్లా ముత్యంపేట వంటి ఊళ్లలో ఆ లేఖ పాటి కాగితం కూడా దొరకదు. అక్కడ ఆటిజం ఉన్న పెద్దవారి గురించి ఏదైనా పత్రం ఉంటే అది సాధారణంగా వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరంలో ఇచ్చిన ధ్రువపత్రం, అందులో ఉండేది వైకల్యం శాతం. ఆ శాతాన్ని నిర్ణయించడానికి వాడే భారతీయ ఆటిజం మదింపు కొలమానం మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలోనే (నేటి పేరు ఎన్‌ఐఈపీఐడీ) తయారైంది. అందులోని 40 అంశాలకు మార్కులు వేసేది పరీక్షకులు, సమాచారం చాలావరకు ఇచ్చేది తల్లిదండ్రులు. నడివయసు దాటినవారికి ఆ పత్రమైనా ఉండకపోవచ్చు, ఎందుకంటే ఆటిజాన్ని చట్టం గుర్తించిందే 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టంతో, తర్వాత 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంతో. అటువంటివారు ఊరి నోట ‘ఒక తీరు మనిషి’గానే మిగిలిపోతారు. అయినా 2015 చివర ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతపడి చెరకు రైతు దిక్కులు చూసినప్పుడు, కోరుట్ల ఇళ్లలో తునికాకు కత్తిరిస్తూ ఆడవాళ్లు బీడీలు చుట్టినప్పుడు, మగవాళ్లు గల్ఫ్‌కు విమానమెక్కినప్పుడు వారూ ఆ ఇళ్లలోనే ఉన్నారు, వారికీ దాని గురించి చెప్పడానికి ఏదో ఉంటుంది.

శిక్షణలో మొదటి పాఠం చోటు గురించినది. సిరిసిల్ల వీధుల్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, రోజంతా చేసే చప్పుడు అక్కడివారికి చెవికి ఆనకపోవచ్చు గాని, శబ్దం పదునుగా తగిలే మనిషికి ఆ వీధిలో ధ్వనిముద్రణ జరిపితే జవాబు కాదు గదా, కూర్చోవడమే కష్టం. కొందరికి మాత్రం అదే చప్పుడు ఊరటనిస్తుంది కాబట్టి ముందుగా అడిగి తెలుసుకోవడం తప్ప మార్గం లేదు. ప్రశ్నలను కొన్ని రోజుల ముందే రాతలో ఇవ్వాలి. ‘మీ బాల్యం గురించి చెప్పండి’ అనే ప్రశ్న ఎటూ తేలని మైదానం. ‘బడికి ఏ దారిన వెళ్లేవారు, దారిలో ఏమేం ఉండేవి’ అన్నది పట్టు దొరికే ప్రశ్న. జవాబు నోటితోనే రావాలన్న నియమమూ అక్కర్లేదు: అమెరికా సంగీత పరిశోధకుడు మైకేల్ బేకన్ 2018లో ప్రచురించిన సంభాషణల గ్రంథంలో ఆటిజం ఉన్నవారితో జరిగిన మాటామంతీ ఎక్కువభాగం కంప్యూటరు మీద టైపు చేసుకున్నదే. ఇక మౌనం వచ్చినప్పుడు దాన్ని మరో ప్రశ్నతో పూడ్చకుండా ఉండటం పాత్రికేయ అలవాట్లున్నవారికి అన్నిటికన్నా కష్టమైన అభ్యాసం.

అసలు చిక్కు అక్షరాల్లోకి దించేటప్పుడు వస్తుంది. విన్న మాటనే, ఒక్కోసారి ఏళ్ల తర్వాత, సందర్భం లేనట్టుగా తిరిగి పలకడాన్ని ప్రతిధ్వని పలుకు అంటారు. లేఖకుడు దాన్ని పునరుక్తిగా లెక్కగట్టి కొట్టివేయడం సహజం. అలా చేయడం సాక్ష్యాన్ని చెరపడమే. 1946లో కానరే మరో వ్యాసంలో చూపినట్టు, అసంగతంగా వినిపించే మాటకు తరచు ఒక కచ్చితమైన పుట్టుక ఉంటుంది: తల్లి వంటింట్లో పిల్లల పాట చెబుతూ గిన్నె జారవిడిచిన రోజునుంచి, ఒక బాలుడు అటువంటి గిన్నె కనబడినప్పుడల్లా ఆ పాటలోని ముక్కనే పలికేవాడు. ఆ ముక్క ఒక సంఘటనకు మిగిలిన దస్తావేజు. ముత్యంపేటలో ఎవరైనా తూకం దగ్గర విన్న కేకనో బస్సు కండక్టరు పిలుపునో పదేపదే పలికితే, దాన్ని పలికినన్నిసార్లూ రాసి, దాని పుట్టుక గురించి కుటుంబసభ్యులు చెప్పినదాన్ని వారి పేరుతో వేరే గమనికగా చేర్చాలి. కరీంనగర్ ప్రాంతపు పలుకుబడిని గ్రాంథికానికి దగ్గరగా సరిదిద్దే పాత రోగం మన లేఖకులకు ఎలాగూ ఉంది కాబట్టి, ఇక్కడ దిద్దుబాటు రెండింతలవుతుంది.

తల్లి మాటను తల్లి మాటగానే నమోదు చేయడం మర్యాద కోసం కాదు, ప్రామాణికత కోసం. సహాయకుడు చేయి పట్టుకొని అక్షరాలు చూపించే పద్ధతిని నియంత్రిత పరీక్షలకు పెట్టినప్పుడు, ఆ అక్షరాలు సహాయకుడివేనని పదేపదే తేలింది. కనుక మాట్లాడని మనిషి పేరున పేజీలకు పేజీలు కథనం వచ్చిపడితే సంతోషించే ముందు ఆర్కైవిస్టు అది ఎలా వచ్చిందో రాసిపెట్టాలి. అంగీకారం విషయమూ ఇటువంటిదే. వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షను వికలాంగులకు ఇతరులతో సమానమైన చట్టపరమైన సామర్థ్యాన్ని గుర్తిస్తుంది కాబట్టి, సంరక్షకుడి సంతకం తీసుకొని చెప్పేవాని తల అడ్డంగా ఊగడాన్ని చూడనట్టు ఉండటం కుదరదు. బొమ్మలతో వివరించి, ప్రతి కూర్పుకూ మళ్లీ అడగాలి.

చివరి పని గ్రంథపాలకుడిదే, అది చాలామంది ఆలోచించనిదీ. డ్యూయీ వర్గీకరణలో ఆటిజం వైద్యశాస్త్రం కింద, 616.85882 దగ్గర ఉంటుంది. ముత్యంపేట చెరకు రైతు చెప్పిన కథనాన్ని ఆ అంకె కింద పెడితే చక్కెర పరిశ్రమ చరిత్ర కోసం వెదికేవారికి అది ఎన్నటికీ దొరకదు. ఆ కథనానికి మొదటి విషయశీర్షిక చెరకు, రెండవది ముత్యంపేట కావాలి. ఆటిజం అన్న శీర్షిక చెప్పినవారు ఒప్పుకుంటేనే చేరాలి, తర్వాత వద్దనుకుంటే తీసివేసే వీలు ఆ అంగీకార పత్రంలోనే రాసి ఉండాలి.