ఎంగిలి గాలికి లెక్క

గాలి నుంచి శక్తి లాక్కున్నాక ఆ గాలి నెమ్మదించక తప్పదు. వెనకున్న గాలిమరకు దక్కేది ముందుది వాడుకుని వదిలిన గాలే. వేగం పది శాతం తగ్గితే కరెంటు కూడా పది శాతమే తగ్గుతుందనుకుంటే పొరపాటు. శక్తి వేగపు ఘనాన్ని బట్టి ఉంటుంది కాబట్టి నష్టం 27 శాతానికి పోతుంది. ఒక మరను నిలబెట్టడం ఈ రోజుల్లో పెద్ద విషయం కాదు. ఎనభై మరలను ఎంతెంత ఎడంలో నిలబెట్టాలో తేల్చడమే అసలు విద్య.

ఆ విద్యలో డెన్మార్క్‌ది పాత చెయ్యి. 1891లోనే ఆస్కోవ్‌లో పౌల్ ల కూర్ గాలిమరతో కరెంటు తీశాడు. సముద్రంలో తొలి విండ్ ఫామ్ 1991లో విండేబీ దగ్గర కట్టిందీ ఆ దేశమే. అక్కడి రీసో ప్రయోగశాలలో పెరిగిన లెక్కల పద్ధతికి ఒక స్వభావం ఉంది. అది గాలిలో జరిగే ప్రతిదాన్నీ పట్టుకోవాలని చూడదు. ఏది వదిలేయాలో తెలియడమే దాని నేర్పు.

వదిలేయడానికి అక్కడ ఉన్నది తక్కువేమీ కాదు. ప్రతి రెక్క కొస నుంచీ ఒక సుడి పుట్టి, మెలికలు తిరుగుతూ వెనక్కి సాగుతుంది. రెక్కల చక్రం (రోటర్) వ్యాసానికి రెండు మూడు రెట్ల దూరం దాకా ఈ సుడులు కంచెలా నిలబడి, లోపలి మందగాలిని బయటి జోరుగాలితో కలవనివ్వవు. అవి చెదిరాకే కలయిక మొదలవుతుంది. ఎగువ పొలాలు నీరు తోడేసుకుంటే శివారు ఆయకట్టు ఎండినట్టే ఇక్కడా వెనక వరసలు నష్టపోతాయి. అయితే కాలువకు లేని వసతి గాలికి ఉంది. పైపొరల్లో జోరుగా సాగే గాలి అల్లకల్లోలంగా కిందికి దిగి, తగ్గిన వేగాన్ని మళ్లీ నింపుతుంది. అల్లకల్లోలం ఎంత ఎక్కువైతే అంత త్వరగా కోలుకుంటుంది. సముద్రం మీద గాలి నున్నగా సాగుతుంది కాబట్టి అక్కడ మర వెనక సాగే ఈ మందగాలి తోక, అంటే వేక్, చాలా దూరం పోతుంది. నేల మీద రాత్రిపూట, కిందిపొరలు చల్లబడి గాలి కుదురుకున్నప్పుడు కూడా అంతే.

1983లో అదే రీసోలో నీల్స్ ఒట్టో జెన్సెన్ ఇదంతా ఒక చిన్న సూత్రంలో కుదించాడు. వేక్ దూరంతో పాటు సమంగా విచ్చుకునే శంకువు అన్నాడు. దాని అడ్డకోతలో ఎక్కడ చూసినా వేగం ఒక్కటే, అంచు దాటితే మామూలు గాలి. కొలిచి చూస్తే ఇది నిజం కాదు, మధ్యలో తరుగు ఎక్కువ, అంచులకు పోయేకొద్దీ తక్కువ. ఆ గంటాకారాన్ని బస్తాన్‌ఖా, పోర్టే-అజెల్ 2014లో చక్కగా సూత్రీకరించారు. అయినా జెన్సెన్ శంకువు మూలన పడలేదు. ఎందుకో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది.

రోటర్ వెనక తొలి తరుగు 55 శాతం అనుకుందాం. విచ్చుకునే రేటు నేల మీద 0.075, సముద్రం మీద 0.05గా తీసుకోవడం పరిపాటి. ఏడు వ్యాసాల దూరంలో తరుగు నేల మీద 13 శాతం, సముద్రం మీద 19 శాతం వస్తుంది. ఘనం కట్టి చూస్తే రెండో మరకు మిగిలే శక్తి నేల మీద 66 శాతం, సముద్రం మీద 53 శాతం. మరి మూడో మర? 1986లో కాటిచ్, హోయ్‌స్ట్రుప్‌లతో కలిసి జెన్సెన్ చెప్పిన ఉపాయం ప్రకారం తరుగులను నేరుగా కలపకూడదు. వాటి వర్గాలను కూడి, వర్గమూలం తీయాలి. అలా చేస్తే సముద్రం మీద తరుగు మూడో మర దగ్గర 21 శాతం, నాలుగో దాని దగ్గర 22 శాతం. అంటే అసలు దెబ్బ తగిలేది రెండో మరకే.

ఉత్తర సముద్రంలో హార్న్స్ రెవ్ దీనికి సాక్ష్యం. 2002లో అక్కడ 80 మరలు నిలబెట్టారు. 80 మీటర్ల రోటర్లు, మధ్య ఎడం 560 మీటర్లు. గాలి సరిగ్గా వరస వెంట వీచినప్పుడు రెండో మర ఉత్పత్తి సుమారు 40 శాతం పడిపోయింది. అక్కడి నుంచి వెనక్కి దాదాపు ఒకే మట్టం. వర్గాల ఉపాయానికి గట్టి సిద్ధాంత బలం లేదు. కానీ కొలతలతో బేరీజు వేసుకుంటూ నడిచే విద్యకు అదొక లోపమని నేననుకోను.

ఆ ఫామ్‌దే ఒక ఫోటో ఉంది. 2008 ఫిబ్రవరి 12న తీసినది. మరల వెనక తెల్లని పొగమంచు చారలు కనిపిస్తాయి. వేక్ అంటే ఇదే అని పత్రికలు దాన్ని తెగ వేశాయి. నిజానికి ఆ రోజు వెచ్చటి నీటి మీద తేమ నిండిన చలిగాలి సాగుతోంది. రోటర్లు కింది వెచ్చని తేమగాలినీ పై చలిగాలినీ కలిపేసరికి మంచు కట్టింది. అది అరుదైన వాతావరణం. మిగతా రోజుల్లో వేక్ కంటికి కనబడదు, లేజర్‌తో గాలి వేగం కొలిచే లైడార్‌తోనో మీటర్లోని యూనిట్లతోనో పట్టుకోవాలి.

ఉమ్మడి అనంతపురం జిల్లా రామగిరి గుట్టల మీద మరలు శిఖరం పొడవునా వరసగా ఉంటాయి. గాలికి అడ్డంగా వరస పేర్చితే పక్కపక్క మరల మధ్య ఎడం తగ్గించుకోవచ్చు. మన దేశంలో గాలి దిశ వెంట ఏడు, అడ్డంగా ఐదు వ్యాసాల ఎడం అన్న లెక్క వాడుకలో ఉంది. గాలి దిక్కు మారిన రోజున ఆ లెక్క అంతగా ఆదుకోదు.

ఇప్పుడు స్థలం మార్చకుండా వేక్‌నే పక్కకు తోసే పద్ధతి వస్తోంది. ముందుమరను గాలికి ఎదురుగా కాక కొంచెం ఏటవాలుగా తిప్పితే దాని ఉత్పత్తి తగ్గుతుంది, వేక్ పక్కకు జరిగి వెనక మర బాగుపడుతుంది. కెనడాలోని అల్బెర్టాలో ఆరు మరల మీద చేసిన ప్రయోగం ఫలితాలు 2019లో వచ్చాయి. గాలి వరస వెంట వీచే రాత్రుల్లో, సగటు వేగం దగ్గర, ఉత్పత్తి 7 నుంచి 13 శాతం పెరిగింది. అలాంటి దిక్కు నుంచి గాలి వీచే వేళలు తక్కువ కాబట్టి ఏడాది మొత్తం మీద లాభం స్వల్పమే. అయినా వరసలోని ప్రతి మరా తనకు తాను గరిష్ఠంగా తిరగాలన్న పాత నియమాన్ని పక్కన పెట్టొచ్చని ఆ ఆరు మరలు చూపించాయి.