కార్మికుడు ఒప్పుకుంటే సరిపోతుందా?

కార్మిక చట్టాలపై పాత తీర్పులు చదివేటప్పుడు సెక్షన్ల జోలికి వెంటనే పోను. ఆ పనిచోటు గురించి న్యాయమూర్తి ఏం రాశారో ముందు వెతుకుతాను. తీర్పు ఎటు మొగ్గుతుందో అక్కడే చాలావరకు తెలిసిపోతుంది.

1905 నాటి లాక్నర్ కేసే చూడండి. బేకరీ కార్మికుల చేత రోజుకు 10 గంటలు, వారానికి 60 గంటలు మించి పని చేయించకూడదని న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసింది. యుటికాలో బేకరీ నడిపే జోసెఫ్ లాక్నర్‌కు జరిమానా పడింది. అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ చట్టాన్నే కొట్టేసింది. ఎన్ని గంటలు పనిచేయాలో యజమానీ కార్మికుడూ మాట్లాడుకునే స్వేచ్ఛకు రాజ్యాంగం 14వ సవరణ రక్షణ ఉందని, రొట్టెల పని ఆరోగ్యాన్ని అంతగా చెరిపేది కాదని జస్టిస్ పెక్‌హామ్ రాశారు.

ఈ కేసు అనగానే అందరూ జస్టిస్ హోమ్స్ అసమ్మతి తీర్పునే తలుచుకుంటారు. రాజ్యాంగం ఏ ఒక్క ఆర్థిక సిద్ధాంతానికీ కట్టుబడలేదన్న ఆయన మాట పదునైనదే. నేను మాత్రం జస్టిస్ హార్లన్ అసమ్మతినే పెద్దదంటాను. పిండి ధూళి ఊపిరితిత్తులను ఏం చేస్తుందో, పొయ్యి సెగ, రాత్రి మేలుకోవడం మనిషిని ఎలా కుంగదీస్తాయో, బేకరీ కార్మికుల్లో యాభై దాటి బతికేవాళ్లు ఎంత అరుదో ఆయన తీర్పులోకి తెచ్చారు. ఆ పని చేసే మనిషి ఒంటిని చూశాకే చట్టం సబబా కాదా అని ఆలోచించారు.

1908లో స్త్రీల పనిగంటలపై నడిచిన ఒరెగాన్ లాండ్రీ కేసులో న్యాయవాది లూయీ బ్రాండైస్ ఇదే దారి పట్టారు. ఆయన దాఖలు చేసిన వంద పేజీల పైచిలుకు వాదనలో చట్టం గురించి రెండు మూడు పేజీలే. మిగతాదంతా పనిగంటల మీద అధికారులు, వైద్యులు రాసిన నివేదికలు. కేసు గెలిచింది. కానీ స్త్రీ శరీరం బలహీనమన్న వాదనతో గెలిచింది. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. కనీస వేతనం మాట కోర్టు ఒప్పుకోవడానికి మరి 1937 దాకా పట్టింది. వెనాచీ పట్టణంలో హోటల్ గదులు శుభ్రంచేసే ఎల్సీ పారిష్ వేసిన దావాతో అది సాధ్యమైంది.

ఈ అమెరికా అనుభవం మన రాజ్యాంగ సభ ముందుకూ వచ్చింది. 1948 డిసెంబరులో నెల్లూరు జిల్లాకు చెందిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, ఆ 14వ సవరణలోని 'డ్యూ ప్రాసెస్' అన్న మాట మన రాజ్యాంగంలో చేరిస్తే కార్మికుల, స్త్రీల, పిల్లల రక్షణకు తెచ్చే చట్టాలకు అడ్డుపడే ప్రమాదం ఉందని హెచ్చరించారు. ఆ మాట చేరలేదు. అయినా లాక్నర్ వాదన ఇక్కడా తలుపు తట్టింది.

అజ్మీర్‌లో బిజయ్ కాటన్ మిల్లు 56 రూపాయల కనీస వేతనం ఇవ్వలేనంటూ మూతపడింది. 35 రూపాయలకే పనిచేస్తామని కార్మికుల్లో అత్యధికులు ముందుకొచ్చారు. యజమానితో పాటు కొందరు కార్మికులూ కనీస వేతన చట్టాన్ని సవాలు చేశారు. ఆ పిటిషన్ నేను తేలిగ్గా తీసిపారేయలేను. మిల్లు మూతపడితే ఆ 35 కూడా రావు కదా. 1954లో మన సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. కార్మికులు పేదరికంతో, నిస్సహాయతతో తక్కువ కూలికి ఒప్పుకున్నా సరే, కనీస వేతనం ఇవ్వాల్సి వచ్చిందని యజమాని ఫిర్యాదు చేయడానికి వీల్లేదని జస్టిస్ ముఖర్జియా రాశారు.