అడిగితే చెప్పరు

పద్నాలుగేళ్ల ఫాస్ట్ బౌలర్‌ని "నొప్పి ఉందా నాన్నా?" అని అడిగితే ఏమంటాడో నాకు ముందే తెలుసు. "లేదు మేడమ్." ఆ మాట అనేటప్పుడు వాడు నా వంక చూడడు. నెట్స్ దగ్గర నిలబడ్డ కోచ్ వంకో, గేటు బయట స్కూటీ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్న తండ్రి వంకో చూస్తాడు. ఉందంటే ఆదివారం మ్యాచ్ పోతుంది. ఆ ఆదివారం తన బదులు ఆడినవాడు నాలుగు వికెట్లు తీశాడంటే ఇక అంతే సంగతులు. ఈ లెక్క పెద్దవాళ్లకంటే వాడికే బాగా తెలుసు. అందుకే అబద్ధమాడతాడు. వాణ్ని నేను తప్పుపట్టను.

ఫిజియోథెరపీ అంటే చేతుల పని అనుకుంటారు. పెద్దవాళ్ల విషయంలో చాలావరకూ నిజమే. పిల్లల దగ్గర మాత్రం సగం పని నోటితోనే. నొప్పి గురించి తిన్నగా అడక్కూడదు. "రాత్రి ఏ పక్కకి తిరిగి పడుకున్నావు?" "స్కూల్లో మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటున్నావా?" "బూటు లేసు వంగి కట్టుకుంటున్నావా, కూర్చునా?" ఇవి దేనికి అడుగుతున్నానో వాడికి తెలీదు కాబట్టి నిజం చెప్పేస్తాడు. "మధ్యాహ్నం లెక్కల పీరియడ్‌లో బెంచీ మీద కుదురుగా కూర్చోగలుగుతున్నావా?" అంటే ఒకడు నవ్వి, "లేదు మేడమ్, వెనక్కి ఆనుకుంటే ఏదోలా ఉంటుంది, అందుకే ముందుకి వాలి కూర్చుంటా" అన్నాడు. నాకు కావలసింది అదే.

ఆ తర్వాత చేతుల పని. వాడు కుడిచేతి బౌలర్. ఎడమ కాలి మీద నిలబడి, నడుము దగ్గర మెల్లగా వెనక్కి వాలమన్నాను. సగం వాలేసరికి మొహం మారింది. ఎక్కడ అంటే అరచేయి మొత్తం వెనక్కి పోనిచ్చి నడుమంతా రుద్దలేదు, ఒక్క వేలు పెట్టి చూపించాడు. బెల్టుకి కాస్త పైన, వెన్నుకి ఎడమ పక్కన. కండ పట్టేసినవాళ్లు చెయ్యంతా వేసి చూపిస్తారు. వేలు పెట్టి చూపించారంటే ఎముకని అనుమానించాలి. వెన్నుపూస వెనక భాగంలో సన్నటి చీలిక, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్. బంతి వేసేటప్పుడు ఒళ్లు వెనక్కి విరిచి, పక్కకి వంచి, తిప్పి, ఆ బరువంతా ముందు కాలి మీద పడేస్తాడు కదా, ఆ విసురు వేల సార్లు అక్కడే తగులుతుంది. కుడిచేతి బౌలర్లకి అది ఎక్కువగా ఎడమ పక్కనే వస్తుంది. ఎక్స్‌రేలో చాలాసార్లు ఏమీ కనబడదు. "ఎక్స్‌రే క్లీన్‌గా ఉంది, ఆడుకోవచ్చు" అన్న మాట పట్టుకుని ఇంకో రెండు నెలలు ఆడి, ఎమ్మారై తీయించే వేళకి చీలిక పూర్తిగా విడిపోయిన పిల్లలున్నారు. ముందే దొరికితే కొన్ని నెలలు బౌలింగ్ మానేసి, నడుం బలం పెంచుకుంటే ఎక్కువమందికి అతుక్కుంటుంది.

అసలు అన్ని బంతులు ఎలా పడ్డాయన్నది ఆ తర్వాతి ప్రశ్న. పొద్దున స్కూల్ టీమ్ ప్రాక్టీసు. సాయంత్రం అకాడమీ. వారంలో రెండు రోజులు ఇంకెవరి దగ్గరో పర్సనల్ కోచింగ్. శని ఆదివారాలు లీగ్. ఇవి చాలవన్నట్టు రాత్రి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అన్నకి బ్యాటింగ్ ప్రాక్టీసు కోసం బంతులెయ్యడం. ఏ కోచ్‌ని అడిగినా "నా దగ్గర నాలుగైదు ఓవర్లు మించి వెయ్యనివ్వను మేడమ్" అంటాడు. నిజమే చెబుతాడు కూడా. అన్నీ కలిపి కూడేవాడే లేడు.

ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు పందొమ్మిదేళ్లలోపు ఫాస్ట్ బౌలర్లకి వయసుని బట్టి ఒక స్పెల్‌కి ఇన్ని ఓవర్లు, రోజుకి ఇన్ని అని హద్దు పెట్టింది. అమెరికాలో పిల్లల బేస్‌బాల్ లీగులు ఓవర్లు కాదు, ఒక్కో బంతే లెక్కపెడతాయి. 11, 12 ఏళ్ల పిల్లాడు రోజుకి 85 మించి విసరకూడదు, 13 నుంచి 16 ఏళ్లవాళ్లకి 95. ఎన్ని విసిరాడన్నదాన్ని బట్టి తర్వాత ఇన్ని రోజులు విశ్రాంతి అని కూడా రాసిపెట్టారు. మన దగ్గర మ్యాచ్‌లో ఎటూ ఓవర్ల కోటా ఉంటుంది. స్కోరు పుస్తకంలో ప్రతి బంతికీ చుక్క ఉంటుంది. నడుం విరిగేది మాత్రం నెట్స్‌లో, అక్కడ చుక్క పెట్టేవాళ్లు లేరు. నా దగ్గరికొచ్చే పిల్లల తల్లులకి ఈ పని అప్పజెబుతాను. పాలవాడి లెక్కలు రాసే క్యాలెండర్ మీదే ఆ రోజు వేసిన బంతులు రాయమంటాను. తండ్రులకి చెబితే వారం రాసి వదిలేస్తారు, అది వేరే సంగతి.

ఆ వయసులో ఇంకో చిక్కుంది. ఎముక ముందు పెరుగుతుంది, కండరాలూ స్నాయువులూ దాన్ని అందుకోవడానికి కొన్నాళ్లు పడుతుంది. పోయినేడాది పంట్లాం ఈ ఏడాది చీలమండ పైకి ఎక్కినట్టే, లోపల కండ కూడా ఎముకకి పొట్టిదైపోతుంది. అది లాగే చోట, ఇంకా గట్టిపడని ఎముక కొసలు వాస్తాయి. మోకాలి చిప్ప కింద బొడిపెలా లేచి నొప్పెడితే ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు. 1903లో బోస్టన్‌లో ఒక డాక్టరు, జ్యూరిక్‌లో ఒక డాక్టరు విడివిడిగా దాన్ని గుర్తించి రాశారు, ఇద్దరి పేర్లూ కలిపి పెట్టేశారు. అదే మడమలో వస్తే సీవర్స్. వేసవి క్యాంపుల పుణ్యమా అని మే నెలాఖరుకి మడమ నొప్పి పిల్లలు వరసకడతారు. మార్చి అంతా పరీక్షల పేరుతో కుర్చీలోంచి లేవనివాణ్ని ఏప్రిల్ చివర్లో తీసుకెళ్లి రోజుకి రెండు గంటలు సిమెంటు కోర్టు మీద గెంతిస్తే మడమ ఏం చేస్తుంది? పోలీసు కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడగానే 1600 మీటర్ల పరుగు కోసం తారు రోడ్డెక్కే కుర్రాళ్లకి మోకాలి కింద ముందెముక వెంట వచ్చే నొప్పి కూడా ఈ కోవలోదే. పరుగు తప్పు కాదు, సున్నా నుంచి ఒక్కసారిగా అంత పరుగెత్తడంతోనే తంటా.

"ఎదిగే పిల్లలకి నొప్పులు మామూలే" అని కొట్టిపారేసే పెద్దలకి ఒక సులువైన పని చెబుతాను. గోడ మీద పెన్సిల్ గీత పెట్టి మూడు నెలలకోసారి ఎత్తు కొలవండి. పిల్లాడు సర్రున సాగుతున్న ఆ ఏడాదీ ఏడాదిన్నరా ఆట మానిపించనక్కర్లేదు. గెంతులూ, బౌలింగూ కాస్త తగ్గించి, మెళకువల మీద దృష్టి పెట్టమని కోచ్‌కి చెబితే చాలు. నొప్పెడుతున్న ఎముక కొస మీద నూనె పెట్టి బలంగా తోమించడం, "నరం మీద నరం ఎక్కింది" అని లాగించడం మాత్రం వద్దు. కట్టు మీద నమ్మకం ఉన్నవాళ్లతో నేను వాదించను. పిల్లాడు పడి కీలు దగ్గర వాచిందంటే మాత్రం కట్టుకి ముందు ఎక్స్‌రే తీయించండి. ఎముక పెరిగే పొర దెబ్బతిని ఉంటే ఆ ఎముక పొట్టిగానో వంకరగానో ఎదిగే ప్రమాదం ఉంది.

ఈ మాటలన్నీ విని తండ్రులు తరచూ బ్యాడ్మింటన్ గోపీచంద్ పేరెత్తుతారు. మోకాలు పోయినా ఆల్ ఇంగ్లండ్ కొట్టారు కదండీ అని. కొట్టారు. 1994లో పుణే జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతూ మోకాలు దెబ్బతింది, ఆపరేషన్లయ్యాయి, ఆల్ ఇంగ్లండ్ గెలిచింది 2001లో. మధ్య ఏడేళ్లున్నాయి. దెబ్బ తగిలేనాటికి ఆయనకి ఇరవై ఏళ్లు, పదమూడు కాదు. పీవీ సింధు సంగతీ అంతే. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాలినొప్పితోనే ఆడి స్వర్ణం గెలిచింది, అందరికీ గుర్తే. ఎడమ కాలిలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలి, అదే నెల టోక్యోలో ప్రపంచ చాంపియన్‌షిప్ వదులుకుని, 2023 జనవరి దాకా టోర్నమెంట్ ఆడలేదన్నది ఎవరికీ గుర్తుండదు. ఓర్చుకున్న కథే చెప్పుకుంటాం, ఆగిన కథ చెప్పుకోం. పిల్లలు వినేది కూడా మనం చెప్పేదే.

ఆడపిల్లల దగ్గర అడగడం ఇంకా కష్టం. పదిహేనేళ్ల అథ్లెట్‌కి ఒకే ఏడాదిలో రెండోసారి కాలి ఎముక చిట్లిందంటే నేను అడగాల్సింది బూట్ల గురించి కాదు, నెలసరి గురించి. నెలలు తప్పుతోందంటే తింటున్నది చాలడం లేదేమో చూడాలి. పరుగుకి ఖర్చయ్యేంత తిండి లేకపోతే ఒళ్లు ముందు అక్కడ కోత పెడుతుంది, దాంతోపాటే ఎముక పలచబడుతుంది. తండ్రి పక్కనుంటే ఆ అమ్మాయి నోరు విప్పదు. "మీరు కాస్త బయట కూర్చోండి అన్నయ్యా, బిల్లు రాయించుకురండి" అని ఏదో వంక పెట్టి పంపిస్తాను. "ఆర్నెల్లయింది మేడమ్, రాకపోతేనే హాయిగా ఉంది, మీట్స్‌కి ఇబ్బంది ఉండదు" అందొక అమ్మాయి, అదేదో లాభమైనట్టు.

ఆడపిల్లల మోకాళ్ల సంగతి వేరే. ఈడొచ్చాక మోకాలి లోపలి లిగమెంట్ ఏసీఎల్ తెగడం మగపిల్లలకంటే వాళ్లలో చాలా ఎక్కువ. చిన్న స్టూలు మీంచి కిందికి దూకమంటే తెలిసిపోతుంది. నేల తగలగానే రెండు మోకాళ్లూ లోపలికి వాలి ఒకదానికొకటి రాసుకుంటాయి కొందరికి. అది నేర్పితే పోయే అలవాటు. ఫుట్‌బాల్ పిల్లల కోసం ఫిఫా 2006లో తెచ్చిన వార్మప్‌లో 15 వ్యాయామాలున్నాయి, ఇరవై నిమిషాల పని. నార్వేలో ఆడపిల్లల జట్ల మీద చేసిన అధ్యయనంలో మొత్తం గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. పైసా ఖర్చు లేదు. మన గ్రౌండ్లలో వార్మప్ అంటే ఇప్పటికీ రెండు రౌండ్లు కొట్టి, చేతులు నాలుగు సార్లు తిప్పి, బంతి తీసుకోవడమే. ఇరవై నిమిషాలు దానికిస్తే ప్రాక్టీసుకి టైమెక్కడిదంటారు.

అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ మాట ఒకటుంది: వారానికి ఒకటి రెండు రోజులు సెలవు, ఏడాదిలో రెండు మూడు నెలలు ఆ ఒక్క ఆట నుంచి విరామం. ఇది చెప్పిన ప్రతిసారీ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. ఫీజు ఏడాదికి కట్టేశాం కదా అంటారు.

అందుకే, వినే కోచ్ ఒకాయన తగిలితే వదులుకోను. పోయిన సీజన్‌లో అండర్-14 ఫైనల్ ముందు రోజు ఆయన ఓపెనింగ్ బౌలర్ పరుగెత్తే తీరు చూసి తనే ఫోన్ చేశారు. ముందు కాలు నేల మీద పెట్టడం ఒక క్షణం ఆలస్యమవుతోందట. చూశాను, ఆయన అనుమానం నిజమే. ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టారు. ఫైనల్ పోయింది. నెల తిరక్కుండా తండ్రి కిట్ బ్యాగు సర్దించి పిల్లాణ్ని వేరే అకాడమీలో చేర్పించాడు.

బాధపడ్డారేమోనని అడిగాను. ఆయన నెట్ తాళ్లు బిగిస్తూ, "సీజన్‌కి ఒకరిద్దరు అలా పోతారమ్మా. బడ్జెట్‌లో ఆ ఫీజు ముందే తీసేసుకుంటాను" అన్నారు.